వరంగల్ నుంచి విశాఖకు: స్కూల్ పిల్లలతో స్కూబా యాత్ర

వరంగల్ చుట్టుపక్కల నీళ్లకు కొదవ లేదు. పాకాల, రామప్ప, లక్నవరం అన్నీ కాకతీయుల నాటి చెరువులే. అందుకే మా తొమ్మిదో తరగతి పిల్లలు స్కూబా డైవింగ్, అంటే గాలి సిలిండర్‌తో నీళ్ల లోపలికి దిగడం, అడిగినప్పుడు ముందు లక్నవరమే ఆలోచించాం. వేలాడే వంతెన, బోటింగ్, దీవిలో కాటేజీలు ఉన్నాయి కాబట్టి పిల్లలతో ఒక రాత్రి గడపడానికి చక్కటి చోటు. కానీ స్కూబాకు అది పనికిరాదు, చెరువు నీళ్లలో దిగితే కనిపించేదేమీ ఉండదు. కర్ణాటకలో మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి దీవిలో నీళ్లు తేటగా ఉంటాయి, చేపలూ ఎక్కువే. అయితే ప్రయాణం దూరం, పైగా ఒడ్డు నుంచి దీవికి పడవలో చాలాసేపు వెళ్లాలి. మొదటిసారి సముద్రం చూసే పిల్లలకు ఆ కుదుపు వాంతులు తెప్పిస్తుంది. అండమాన్ మా బడ్జెట్‌కు అందదు.

చివరికి విశాఖ ఖాయం చేశాం. సాయంత్రం వరంగల్‌లో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే తెల్లవారేసరికి అక్కడుంటాం. నీళ్లు అండమాన్ అంత తేటగా ఉండవని మాత్రం పిల్లలకు ముందే చెప్పేశాం.

డైవింగ్ సెంటర్ ఎంపికకే నేను ఎక్కువ సమయం పెట్టాను. మొదటిసారి సముద్రంలో దిగేవాళ్లకు పాడీ (PADI) అనే అంతర్జాతీయ డైవింగ్ శిక్షణ సంస్థ నియమాలు స్పష్టంగా ఉన్నాయి: కనీసం 10 ఏళ్ల వయసు, 12 మీటర్లకు మించని లోతు, ఒక ఇన్‌స్ట్రక్టర్‌కు నలుగురికి మించకూడదు. నేను ఫోన్ చేసిన ఒకచోట "ఎంతమందైనా రండి సార్, అందరినీ ఒకేసారి దింపేద్దాం" అన్నారు. అక్కడితో ఆ మాట ముగించాను. ఇంకోచోట రేటు చెప్పకముందే పిల్లల వయసు, ఆస్తమా, చెవి సమస్యలు, ఫిట్స్ గురించి అడిగారు. అక్కడ కాస్త ఖరీదైనా వాళ్లనే ఒప్పుకున్నాం. ముందుగా అడిగి తెలుసుకునేవాళ్లకే పిల్లలను అప్పగించాలని నా గట్టి అభిప్రాయం.

డైవింగ్ సెంటర్ హెల్త్ ఫారాన్ని ప్రయాణానికి మూడు నాలుగు వారాల ముందే తల్లిదండ్రులకు ఇవ్వాలి. ఏ ప్రశ్నకైనా "అవును" అని రాస్తే డాక్టర్ సంతకం కావాల్సి రావచ్చు, అది రైలెక్కే ముందురోజు దొరకదు. మీటింగ్‌లో ఒకమ్మ లేచి, "సార్, మా బిడ్డకు ఈతే రాదు, సముద్రంల ఎట్ల దింపుతరు?" అని అడిగింది. న్యాయమైన ప్రశ్న. ఇన్‌స్ట్రక్టర్ పట్టుకుని తీసుకెళ్లే ఈ రకం డైవింగ్‌కు ఈత తప్పనిసరి కాదంటారు. అయినా నీళ్లంటే బెదురు పోవాలని పిల్లలను కొన్ని ఆదివారాలు హన్మకొండలో స్విమ్మింగ్ పూల్‌కు తీసుకెళ్లి, ముఖం నీళ్లలో పెట్టి నోటితో ఊపిరి తీయడం అలవాటు చేశాం.

అన్నిటికంటే ముఖ్యమైన నియమం, లోపల ఊపిరి బిగపట్టకూడదు. పది మీటర్ల లోతులో ఒత్తిడి ఒడ్డు మీదకంటే రెట్టింపు. అక్కడ నిండుగా పీల్చిన గాలి పైకి వచ్చేకొద్దీ వ్యాకోచిస్తుంది, బిగపడితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. క్లాసులో బెలూన్ చూపించి చెబితే పిల్లలకు వెంటనే అర్థమైంది. చెవులు నొప్పి పెట్టకుండా ముక్కు మూసి మెల్లగా గాలి ఊదడం కూడా నేర్పాం. జలుబున్న ఇద్దరిని డైవింగ్ రోజు దింపలేదు. వాళ్లు ఏడ్చినా సరే, అది సరైన నిర్ణయమే.

మా పిల్లలు 24 మంది, ఇన్‌స్ట్రక్టర్లు ముగ్గురు. ఒక్కొక్కరు ఇద్దరిద్దరిని తీసుకెళ్లారు. రోజుకు 12 మంది చొప్పున వంతులు వేసి ఉదయమే రెండు విడతలుగా దింపాం, మిగతావాళ్లను కురుసుర మ్యూజియానికి పంపాం. 1969 నుంచి 2001 వరకు నౌకాదళంలో పనిచేసిన జలాంతర్గామి అది. రిటైర్డ్ నేవీ సిబ్బంది వివరిస్తుంటే పిల్లలు కదల్లేదు. ఇసుకలో ఎండకు కూర్చోబెట్టడం కంటే వెయ్యి రెట్లు నయం.

బసకు స్టేషన్ వైపు లాడ్జీలు చవక, తిండీ దగ్గరే. మేము డైవింగ్‌కు దగ్గరని రుషికొండ వైపు తీసుకున్నాం. తడిసి చలికి వణికే పిల్లలను గంటసేపు బస్సులో తిప్పడం నాకు ఇష్టం లేదు. టిఫిన్ ఇడ్లీకే పరిమితం చేయమని హోటల్‌వాళ్లకు చెప్పుకోవాలి, నూనె పూరీ తిని పడవెక్కితే కష్టం.

అరకు అడగని పిల్లలు ఉండరు. వెళ్లాలంటే డైవింగ్‌కు ముందే వెళ్లిరండి. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది, దారిలో ఘాట్ ఇంకా ఎత్తుకు వెళ్తుంది. సముద్రంలో దిగిన రోజే కొండెక్కితే, విమానం ఎక్కినట్టే, లోతులో పీల్చిన గాలి నుంచి ఒంట్లో కరిగిన నైట్రోజన్ బుడగలుగా మారే ప్రమాదం ఉంది. ఒక డైవ్ తర్వాత విమానానికి కనీసం 12 గంటలు, రెండు మూడు చేస్తే 18 గంటలు ఆగాలంటారు. తిరుగు రైలుకు మాత్రం ఈ టెన్షన్ లేదు. ఇక అడ్వాన్స్ కట్టేటప్పుడు, అలలు ఎక్కువై డైవింగ్ రద్దయితే డబ్బు తిరిగిస్తారా, తేదీ మారుస్తారా అనేది రాతపూర్వకంగా తీసుకోండి.