ఒక పెద్ద పార్కా, మూడు కాలవ గట్లా?

2011 లెక్కల్లోనే బెజవాడ జనాభా 10 లక్షలు దాటింది. నగరం సుమారు 62 చదరపు కిలోమీటర్లు. మనిషికి కనీసం 10 చదరపు మీటర్ల పచ్చని జాగా ఉండాలని కేంద్రం మార్గదర్శకాలు చెబుతాయి. అంటే ఊళ్లో ఆరో వంతు వదిలేయాలి. వన్‌టౌన్‌లో స్కూటర్ ఆపడానికే చోటు దొరకదు!

రాజీవ్ గాంధీ పార్కు లాంటి పెద్ద తోట సుఖమే. పిల్లలు పరిగెత్తుతారు, వాన నీరు నేలలోకి ఇంకుతుంది. కానీ సింగ్‌నగర్ మామ్మగారు సాయంత్రం నాలుగడుగులు వేయడానికి బస్సెక్కి రారు కదా.

కాలవలు అలా కాదు, అవే ఇళ్ల దగ్గరికి వస్తాయి. ఏలూరు, బందరు, రైవస్ కాలవలు మూడూ ఊరి మధ్యగానే పారతాయి. గట్టు పొడవునా వేప, కానుగ నాటితే రోహిణి కార్తెలో కూడా నీడలో నడిచి బజారుకు పోవచ్చు. కొత్తగా స్థలం కొనక్కర్లేదు. చిక్కులూ ఉన్నాయి: పూడిక తీసే యంత్రానికి ఒక గట్టు ఖాళీగా ఉంచాలి, వేసవిలో నీళ్లు ఆపితే మురుగు కంపు కొడుతుంది. అన్నిటికన్నా కష్టం, గట్ల మీద గుడిసెలు వేసుకున్నవాళ్లు. వాళ్లకు దగ్గర్లోనే ఇల్లు చూపకుండా మొక్క నాటడం అన్యాయం.

అయినా నా ఓటు గట్లకే. టైల్స్ పరిచి, రెయిలింగ్ బిగించి దాన్నే పచ్చదనం అనకపోతే.