మురుగునీటి లైన్ల మ్యాపింగ్‌కు క్యూజీఐఎస్ ఎంతవరకు సరిపోతుంది?

నగర మురుగునీటి సంస్థలో జీఐఎస్ (స్థల సమాచారాన్ని కంప్యూటర్ పటాలపై నమోదు చేసి విశ్లేషించే పద్ధతి) ఉద్యోగం చేయాలనుకునేవారు ముందుగా ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలని అడిగితే, ఈ పనికి నేను వాడే క్యూజీఐఎస్ పేరే చెబుతాను. 2002లో గ్యారీ షెర్మన్ మొదలుపెట్టిన ఈ సాఫ్ట్‌వేర్‌కు లైసెన్సు రుసుము లేదు కాబట్టి, ప్రధాన కార్యాలయంలోనే కాకుండా ప్రతి డివిజన్ కార్యాలయంలోనూ దీన్ని పెట్టుకోవచ్చు.

మంచినీటి పైపులో నీరు ఒత్తిడితో నడిస్తే, మురుగునీరు చాలావరకు వాలును బట్టే నడుస్తుంది. అందువల్ల పటంపై గీత సరైన వీధిలో ఉన్నంత మాత్రాన చాలదు; మ్యాన్‌హోల్ మూత మట్టం, పైపు లోపలి అడుగు మట్టమైన ఇన్వర్ట్ లెవెల్, ప్రవాహ దిశ కూడా సరిగ్గా ఉండాలి. క్యూజీఐఎస్‌లోని ఎక్స్‌ప్రెషన్లను, అంటే డేటాపై మనం రాసుకునే లెక్కల సూత్రాలను, నేను ఎక్కువగా మెచ్చుకునేది ఇక్కడే. రెండు చివరల ఇన్వర్ట్ లెవెళ్ల తేడాను పైపు పొడవుతో భాగించి, ఎదురువాలు వచ్చిన పైపులన్నిటినీ ఎరుపు రంగులో చూపమంటే, వార్డు మొత్తంలో అనుమానించవలసిన చోట్లు ఒక్కసారిగా బయటపడతాయి. పైపు నిజంగానే అలా వేశారా, కొలత తప్పా అన్నది మళ్లీ మూత తీసి చూస్తేగాని తేలదు. అయినా ఏ మూత తీయాలో ముందే తెలియడం చిన్న మేలు కాదు. ప్రస్తుత గరిష్ఠ ప్రవాహంలో వేగం సెకనుకు కనీసం 0.6 మీటర్లు ఉండాలన్నది మన దేశంలో పాటించే ప్రమాణం. అంతకు తగ్గితే పూడిక పేరుకుంటుంది కాబట్టి, వాలు చాలని లైన్లనూ ఇదే పద్ధతిలో విడిగా గుర్తించవచ్చు.

పొడవు విషయంలో మాత్రం కొత్తవారు జాగ్రత్తపడాలి. అక్షాంశ రేఖాంశాలలో ఉన్న లేయర్‌పై (ఒకే రకం వివరాలున్న పటపు పొరపై) సాదా పొడవు ఫంక్షన్ వాడితే ఫలితం మీటర్లలో కాక డిగ్రీలలో వస్తుంది. హైదరాబాద్, విజయవాడ రెండూ యూటీఎం అనే, మీటర్లలో కొలిచే పటపు పద్ధతిలోని 44వ ఉత్తర జోన్‌లోకే వస్తాయి కనుక, డేటాను ఆ ప్రొజెక్షన్‌లోకి మార్చుకున్నాకే లెక్కలు మొదలుపెట్టడం మంచిది.

క్షేత్రస్థాయి సర్వేకు తోడుగా క్యూఫీల్డ్ అనే ఫోన్ యాప్ ఉంది. నెట్‌వర్క్ అందని చోట కూడా పనిచేస్తుంది, మ్యాన్‌హోల్ ఫోటోను ఆ బిందువుకే జతచేస్తుంది, లోతు నింపకుండా ఫారం ముగించనివ్వని నిబంధనలనూ పాటిస్తుంది. ఆ లోతు గడి ఖాళీగా ఉండకూడదని నేను పట్టుబట్టడానికి కారణముంది. రక్షణ సామగ్రి లేకుండా మనిషిని మ్యాన్‌హోల్‌లోకి దింపడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది. లోతు, పైపు వ్యాసం, వాహనం వెళ్లే దారి పటంలోనే ఉంటే పూడికను అధిక ఒత్తిడి నీటితో తొలగించే తగిన జెట్టింగ్ యంత్రాన్ని మొదటిసారే పంపగలం. ఫోన్ జీపీఎస్ ఇరుకు సందుల్లో కొన్ని మీటర్లు తప్పుతుంది కాబట్టి, పక్కపక్కనే ఉన్న మ్యాన్‌హోల్‌నూ మంచినీటి వాల్వ్ ఛాంబర్‌నూ వేరుచేయాలంటే బ్లూటూత్‌తో కలిపే బయటి రిసీవర్ తీసుకోవలసిందే.

క్యూజీఐఎస్ అన్నీ తానే చేయదు. ఒకచోట మురుగు పొంగితే పైనుంచి దానిలోకి వచ్చే లైన్లన్నిటినీ వెతికి చూపే ఏర్పాటును మనమే సమకూర్చుకోవాలి. డేటాను పోస్ట్‌జీఐఎస్ అనే స్థల సమాచార డేటాబేస్‌లో ఉంచి, డేటాబేస్‌ను ప్రశ్నించే భాష అయిన ఎస్‌క్యూఎల్‌లో రాసిన ప్రశ్నతో ఆ పని చేయించవచ్చు, పైగా పలువురు ఒకేసారి మార్పులు చేసుకునే వీలూ కలుగుతుంది. అందుకే ఈ ఉద్యోగానికి సిద్ధమయ్యేవారు పటాలను అందంగా ముద్రించడం నేర్చుకునేలోపే ఎస్‌క్యూఎల్ మొదలుపెట్టాలని, కార్యాలయ కంప్యూటర్లలో దీర్ఘకాల మద్దతు ఉన్న వెర్షన్‌నే వాడాలని నా సిఫారసు.