మన రొయ్య వాళ్లు తింటే, పొగ ఎవరి ఖాతాలో?

"డబ్బున్న దేశాలు కర్బనం తగ్గించుకుంటూనే ఇంకా సంపాదిస్తున్నాయి కదండీ, మనకే ఎందుకు పెరుగుతోంది?" ఈ మధ్య భీమవరంలో నన్ను ఇదే చాలామంది అడిగారు. ఏ లెక్క పట్టుకున్నారో దాన్నిబట్టి జవాబు మారిపోతుంది.

ఏడాదికి గాల్లోకి వదిలే కార్బన్ డయాక్సైడ్ మొత్తం చూస్తే చైనా, అమెరికాల తర్వాత మనమే. పెద్ద ఉమ్మడి కుటుంబాన్ని పట్టుకుని బియ్యం ఎక్కువ వండుతున్నారని తప్పుపట్టినట్టుంటుంది. వదిలేద్దాం.

తలసరి కాస్త న్యాయం. మన వంతు ఏడాదికి దాదాపు 2 టన్నులు, అమెరికాలో 14 దాకా. కానీ రాజమండ్రిలో మూడు ఏసీల ఇల్లూ, కోనసీమలో కొబ్బరి దింపు తీసే మనిషి ఇల్లూ ఒకే సగటులో కలిసిపోతాయి.

జీడీపీలో ప్రతి రూపాయికీ ఎంత అన్నది ప్రభుత్వాలకు ఇష్టమైన లెక్క. 2005తో పోలిస్తే 2030కి 45 శాతం తగ్గిస్తామని మన హామీ కూడా ఇదే. రొయ్యల రైతుకి దీని కిటుకు తెలుసు. పట్టుబడి పెరిగితే కిలోకి పడే డీజిల్ తగ్గుతుంది, డ్రమ్ములు మాత్రం నిరుటికంటే ఎక్కువే ఖాళీ అవుతాయి.

నాకు తేల్చేది నాలుగోది: ఎవరు వాడుకున్నారు? రాత్రి కరెంటు పోతే చెరువులో ఆక్సిజన్ పడిపోతుందని టెన్షన్, వెంటనే జనరేటర్ వేస్తాం. తర్వాత ఐసు, ప్రాసెసింగ్, చల్లటి కంటైనర్. ఆ రొయ్యని ఎక్కువగా కొనేది అమెరికా, గట్టు మీద కాలిన డీజిల్ మాత్రం మన ఖాతాలో. సముద్రం మీద ఓడ తాగిన నూనెనైతే ఏ దేశం మొత్తంలోనూ కలపరు!

వాడకం వైపు నుంచి లెక్కేస్తే స్వీడన్ వంతు బాగా పెరుగుతుంది. అక్కడ 1991 నుంచే కర్బన పన్ను ఉంది, జలవిద్యుత్తూ అణువిద్యుత్తూ ఉన్నాయి, అయినా సరుకు బయటినుంచి వస్తుంది. బ్రిటన్ 1990 నుంచి దాదాపు సగం తగ్గించింది, చివరి బొగ్గు విద్యుత్ కేంద్రాన్ని 2024 సెప్టెంబరు 30న మూసేసింది. దిగుమతులు కలిపితే ఆ తగ్గుదల చిన్నదవుతుంది, కానీ మాయమవదు. కాబట్టి సంపద పెరిగితే పొగ పెరిగి తీరాలన్నది నిజం కాదు.

ఇక్కడ మన వాళ్లకి నచ్చని మాట ఒకటుంది. ఈ లెక్కలో మన వంతు తగ్గేది కొంచెమే. మన కరెంటులో దాదాపు నాలుగింట మూడొంతులు బొగ్గుదే, చెరువు నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు తిరిగేదీ ఎక్కువగా దానితోనే. అమెరికా తినే రొయ్య వంతు వాళ్లదే అయినా, ఆ కరెంటులో ఎక్కువ భాగం మనం వాడుకునేదే.

పాత బాకీల లెక్కలో ఇప్పటిదాకా గాల్లోకి వదిలిన దాంట్లో పావు వంతు అమెరికాదే, అంతర్జాతీయ బేరాలకి పనికొస్తుంది. వరిచేల మీథేన్ వీటిలో రాదు, ఇవి ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్ లెక్కలు.

వాడకం లెక్కకి దేశదేశాల వ్యాపార పట్టికలు కావాలి, అంకెలు ఆలస్యంగా వస్తాయి. అవి వచ్చేదాకా తలసరితో సరిపెట్టుకుంటాను, జీడీపీ లెక్క జోలికి మాత్రం వెళ్లను.