యూరోస్టమీ సంచితో హనుమకొండ నుంచి బాసర దాకా

క్యాన్సర్ వల్ల మావారికి మూత్రాశయం తొలగించి, చిన్నపేగు ముక్కతో పొట్టకు కుడివైపున మూత్రం బయటికి వచ్చే దారి (యూరోస్టమీ) ఏర్పాటు చేశారు. అక్కడ అంటించిన సంచిలోకి రాత్రింబవళ్లు మూత్రం చేరుతూనే ఉంటుంది, ఆపుకోవడమన్నది ఉండదు. అందువల్ల మనుమడి అక్షరాభ్యాసానికి కరీంనగర్, జగిత్యాల, మెట్‌పల్లి, ఆర్మూర్, నిజామాబాద్ మీదుగా బాసరకు కారులో బయలుదేరినప్పుడు, దారిలో మరుగుదొడ్లు ఎలా ఉంటాయన్నదే మా మొదటి ఆలోచన అయింది.

సంచి సగం నిండకముందే ఖాళీ చేయాలి, లేకుంటే బరువుకు అంటు ఊడిపోతుంది. కారులో మాత్రం దాని కింది కుళాయికి గొట్టం తగిలించి, పిక్కకు పట్టీలతో కట్టిన కాలి సంచిలోకి మూత్రం దిగేలా చేశాము. మోకాలు మడిచి కూర్చున్నప్పుడు గొట్టం మెలిపడితే పై సంచి ఉబ్బుతుంది కాబట్టి నేను మధ్యమధ్య తడిమి చూస్తూ ఉన్నాను. సీటు బెల్టు అడ్డపట్టీని స్టోమా (పొట్ట మీద మూత్రం వచ్చే ఆ ద్వారం) మీద పడకుండా తొంటి ఎముకల మీదికి దించుకోవాలి, బెల్టు మానేయడం మాత్రం తగదు.

జగిత్యాల దాటాక ఒక పెట్రోలు బంకులో మరుగుదొడ్డికి తాళం వేసి ఉంది. "తాళంచెవి సారు దగ్గర ఉందమ్మా" అన్నాడు అక్కడి అబ్బాయి. బంకుల్లో మరుగుదొడ్డి అందుబాటులో ఉంచడం నిర్వాహకుల బాధ్యతే కనుక మొహమాటపడకుండా మళ్లీ అడిగాను, తెరిచారు. కాలి సంచి ఉన్నవారికి నేలమీద కూర్చునే రకం మరుగుదొడ్డే అనుకూలమని నాకు అక్కడ అర్థమైంది: ప్యాంటు కొద్దిగా పైకి మడిచి, నిలబడి ఉండగానే సంచి కుళాయి తిప్పితే సరిపోతుంది.

దారిలో ఆగవలసి వస్తుందని మావారు నీళ్లు తగ్గించబోయారు, నేను ఒప్పుకోలేదు. నీళ్లు తక్కువైతే మూత్రం చిక్కబడుతుంది, ఇన్ఫెక్షన్ భయం పెరుగుతుంది. మూత్రంలో తెల్లటి జిగురు పోగులు కనిపించడం పేగు స్వభావమే, దానికి కంగారు పడనక్కరలేదు. చలిజ్వరం, నడుము పక్కన నొప్పి వస్తే మాత్రం ప్రయాణం ఆపి ఆసుపత్రికి వెళ్లాలి.

బాసరలో బసకు చాపలు పరిచే హాలు మాకు పనికిరాలేదు. రాత్రి తగిలించే రెండు లీటర్ల సంచి పడక కంటే కింద ఉంటేనే మూత్రం దిగుతుంది కాబట్టి, మంచం తగినంత ఎత్తున్న లాడ్జి గదినే తీసుకున్నాము. దుప్పట్లు పాతవైనా, స్నానాలగదిలో వెలుతురు, సామాను పెట్టుకోవడానికి గట్టు ఉన్నందున అది మాకు ఖరీదైన గది కంటే మేలనిపించింది. పొద్దున టీ తాగకముందే, మూత్రం తక్కువగా వచ్చే ఆ వేళలో, గాజుగుడ్డ చుట్టను స్టోమా మీద ఆనించి, చర్మం పూర్తిగా తుడిచి ఆరాక కొత్త సంచి అంటించాను. విడి సంచులను ఎండలో ఆపిన కారులో వదిలితే జిగురు మెత్తబడుతుంది, చిన్న ఊళ్ల మందుల దుకాణాల్లో అవి దొరుకుతాయన్న నమ్మకమూ లేదు. అందుకే సరిపడా వెంట తెచ్చుకుని, గుడికి వెళ్లినప్పుడు కూడా భుజానికి తగిలించుకున్నాను.