పూత చూడ్డానికి బెజవాడ వస్తే

మామిడి పూత, మోదుగ పూలు ఒకే ప్రయాణంలో చూడాలంటే బెజవాడలో మకాం పెట్టడమే మేలు. నూజివీడు తోటలైనా, కొండపల్లి అడవైనా పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. చిక్కల్లా ఎప్పుడు రావాలన్నదే.

వాషింగ్టన్‌లో చెర్రీ చెట్ల పూత ఎప్పుడో అక్కడి నేషనల్ పార్క్ సర్వీస్ అంచనా వేసి చెబుతుంది. 70 శాతం పూలు విచ్చుకుంటే నిండు పూత కిందే లెక్క. అది 1990లో మార్చి 15కే వచ్చేసింది, 1958లో ఏప్రిల్ 18 దాకా రానేలేదు. ఆ చలిదేశపు చెట్ల మొగ్గలకు శీతాకాలమంతా సరిపడా చలి తగలాలి, ఆపైన రోజురోజుకూ వెచ్చదనం పోగవ్వాలి. ఆ వేడిని కూడి లెక్కగట్టే పద్ధతికి 1735లోనే ఫ్రాన్సులో రెయోమ్యూర్ అనే శాస్త్రవేత్త దారి వేశాడు. ఇంత లెక్క ఉన్నా, పది రోజులకు మించి ముందు చెప్పడం దాదాపు కుదరదని పార్కు వాళ్లే అంటారు.

మన మామిడికి అంత చలి అక్కర్లేదు. రాత్రుళ్లు చల్లబడి, నేల కాస్త బెట్టకొస్తే ముదిరిన రెమ్మ పూతకు తిరుగుతుంది. నూజివీడు దగ్గర తోటలో కౌలు రైతు ఓ కొమ్మ వంచి చూపించాడు. ఒక రెమ్మ చివర ఎర్రటి కాడ మీద లేత పసుపు పూగుత్తి, దాని పక్క రెమ్మకేమో రాగిరంగు చిగురు. "ఇది ఆకుకి పోయిందండీ, ఈ ఏడు ఇంక పూత రాదు" అన్నాడు. ఆకు మీద వేలు పెడితే జిగురు అంటింది. తేనెమంచు పురుగు పనట. రెమ్మ కొన ఉబ్బిన తీరు చూసి పూత ఎప్పుడు విచ్చుతుందో చెప్పే అలాంటి మనిషి మాటే నాకు అన్నిటికన్నా నమ్మకం. తోటలోకి మాత్రం అడిగే వెళ్లాలి, పూత తాకకూడదు.

కొండపల్లిలో ఆ ఇబ్బంది లేదు. కోటకెళ్లే దారిలో ఆకు రాల్చేసిన మోదుగలు కనిపిస్తాయి, చిలక ముక్కుల్లాంటి పూలతో. నా మట్టుకు నాకు ఇదే ఎక్కువ నచ్చింది. బొమ్మలకు వాడే తెల్ల పొణికి చెట్టు ఏదో కూడా అక్కడివాళ్లను అడిగి చూడండి.

బస గాంధీనగర్ లాడ్జిలో అయితే స్టేషన్ దగ్గర, టిఫిన్లకు లోటు లేదు, కానీ రాత్రంతా రొద. ప్రశాంతత కావాలంటే కృష్ణ ఒడ్డున బెర్మ్ పార్కు హోటల్ చూసుకోండి. కారు మాట్లాడుకున్న ట్రావెల్స్ వాళ్లు తేదీ మార్చమంటే ఒప్పుకోలేదు, అడ్వాన్సూ తిరిగివ్వలేదు. పూత కోసం వచ్చేవాళ్లకు అలాంటి బేరం పనికిరాదు. పండిట్ నెహ్రూ బస్ స్టేషన్‌లో నూజివీడు బస్సెక్కి, అక్కడ ఆటో మాట్లాడుకోండి. మామిడికైతే జనవరి నుంచే వాకబు చేస్తుండండి, మోదుగకు శివరాత్రి అటూ ఇటూగా చూసుకోండి. కొండపల్లికి ఎండెక్కక ముందే, నీళ్లు వెంట పెట్టుకుని బయల్దేరండి.