యాంటీవైరస్ గడువు అయిపోయిందంటోంది: బటన్ నొక్కాలా, మూసేయాలా, షాపు కుర్రాణ్ణి పిలవాలా?

రాత్రి తొమ్మిదిన్నరకి తెనాలి నుంచి బాబాయ్ ఫోన్.

"ఒరేయ్, కంప్యూటర్‌లోకి ఐదు వైరస్‌లు దూరాయంట. యాంటీవైరస్ గడువు అయిపోయిందంట. రెన్యూ అని ఎర్రగా కొట్టుకుంటోంది. నొక్కేయనా?"

"ఆగండి బాబాయ్, ఏదీ నొక్కకండి. అసలు మన దాంట్లో ఏ యాంటీవైరస్ ఉంది?"

"అదేంట్రా, నువ్వే కదా వేశావు!"

నేను వేయలేదు. ఆ కంప్యూటర్‌లో విండోస్‌తో పాటు వచ్చిన డిఫెండర్ తప్ప వేరే యాంటీవైరస్ ఎప్పుడూ లేదు. లేనిదానికి గడువెలా తీరుతుంది? ఫోన్‌లో ఈ మాట అనడం తేలికే. ఎర్రబొమ్మ ఎదురుగా కూర్చున్న మనిషికి మాత్రం ఆ క్షణంలో అది తట్టదు. ఆయనకి కనిపించే దారులు నాలుగే. చెప్పినట్టు బటన్ నొక్కడం, దాన్ని మూసేసి సంగతేంటో తనే వెళ్లి చూసుకోవడం, తెలిసినవాణ్ణి పిలవడం, చూసీ చూడనట్టు వదిలేయడం. చుట్టాల కంప్యూటర్లన్నిటికీ జీతం లేని డాక్టర్ని కాబట్టి ఈ నాలుగింటి ఫలితాలూ దగ్గర నుంచి చూశాను.

అరుస్తున్నది ఎవరు?

ఏ దారి మేలో చెప్పాలంటే ముందు ఇది తేలాలి. అరిచేవాళ్లు ముగ్గురుంటారు.

మొదటివాడు బ్రౌజర్‌లో దాక్కుంటాడు. ఎప్పుడో ఏదో సైట్‌కి వెళ్లినప్పుడు "నోటిఫికేషన్లు పంపమంటారా" అని అడిగితే, అడ్డం తొలగిపోతే చాలని మనం 'అలో' నొక్కేస్తాం. ఆ తర్వాత కొన్ని వారాలకి ఆ సైటే స్క్రీన్ కుడివైపు కింద మూల నుంచి పెద్ద యాంటీవైరస్ కంపెనీ గుర్తు పెట్టుకుని మరీ "మీ రక్షణ ముగిసింది" అని చెబుతుంది. అచ్చం విండోస్ చెప్పినట్టే ఉంటుంది, ఎందుకంటే ఆ డబ్బా చూపించేది విండోసే, లోపలి మాట మాత్రమే సైట్‌ది. కాస్త ఆగి చూస్తే అందులో క్రోమ్ అనో ఎడ్జ్ అనో ఉంటుంది, పక్కనే చిన్న అక్షరాల్లో ఆ సైట్ చిరునామా కూడా ఉంటుంది. డిఫెండర్ పంపిన మాటైతే విండోస్ సెక్యూరిటీ అనే పేరు ఉంటుంది, వెబ్‌సైట్ చిరునామా ఉండదు. బాబాయ్‌తో ఆ చిన్న అక్షరాలు చదివించాను. అదేదో సినిమాల సైట్.

రెండోవాడు అసలైన యాంటీవైరసే. కొత్త ల్యాప్‌టాప్‌తో ట్రయల్‌గా వచ్చి ఉంటుంది, లేదా ఒకప్పుడు కొని మర్చిపోయి ఉంటాం. వాడు చెప్పేది అబద్ధం కాదు గానీ అందులో సగం అమ్మకం మాట. "మీ కంప్యూటర్ ప్రమాదంలో ఉంది" అన్నాడంటే చాలాసార్లు దానర్థం "మీరు మాకు ఈ ఏడాది చందా కట్టలేదు" అనే.

మూడోవాడు విండోస్. వాడిది నిజమే, కానీ ఆ నిజం కూడా అయోమయంగానే ఉంటుంది. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఆ సంగతి చెబుతూ స్క్రీన్ నిండా వచ్చే ప్రకటన అసలైనదే. అది చూసి యాంటీవైరస్ కూడా ఆగిపోయిందనుకుని కొత్తది కొన్నవాళ్లున్నారు. విండోస్ లోపాలకు వేసే అతుకులు వేరు, డిఫెండర్‌కి వైరస్‌ల ఆనవాళ్లు అందించే అప్‌డేట్ వేరు. ఆ రెండోది విండోస్ 10కి కూడా 2028 అక్టోబర్ దాకా ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. మద్దతు అయిపోయిన విండోస్ మంచిదని నేననడం లేదు, దానికి మందు మాత్రం యాంటీవైరస్ డబ్బా కాదు.

బటన్ నొక్కేస్తే

అరిచేది మొదటివాడైతే ఏమవుతుందో ముందే చెప్పలేం. కొన్ని దొంగ ప్రోగ్రామ్ దింపుతాయి. కొన్ని కార్డు నంబర్ అడుగుతాయి. మరికొన్నింటి వెనక దొంగ సాఫ్ట్‌వేరే ఉండదు, నిజం కంపెనీ అమ్మకాల పేజీకే తీసుకెళ్తాయి. మనం కొంటే మధ్యలో భయపెట్టినవాడికి కమీషన్. ఈ రకమే నాకు ఎక్కువ చిరాకు, ఎందుకంటే కొన్నవాడికి మోసపోయానని కూడా తెలియదు. పైగా మంచి పని చేశాననుకుని పక్కింటివాళ్లకి కూడా చెబుతాడు.

ఈ వ్యాపారం నిన్నా మొన్నా పుట్టింది కాదు. కంప్యూటర్‌లో లేని వైరస్‌లు చూపించి సాఫ్ట్‌వేర్ అమ్మినందుకు అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2008లోనే ఒక ముఠాపై కోర్టుకి వెళ్లింది. ఆ ముఠా అమ్మిన వాటిలో విన్‌ఫిక్సర్ ఒకటి, అప్పట్లో ఇంటర్నెట్ సెంటర్లలో కూర్చున్నవాళ్లకి గుర్తుండే ఉంటుంది.

రెండోవాడి బటన్ నొక్కితే నష్టం డబ్బుతో ఆగుతుంది. ఆటో రెన్యూవల్ ఆన్‌లో ఉంటే వచ్చే ఏడాదీ పోతుంది. మూడోవాడిది నొక్కినా భయం లేదు. మూడిట్లో ఒకచోట పూర్తిగా మంచిదే, కాదనను. కానీ అది ఎవరి బటనో అన్నిసార్లూ సరిగ్గా పోల్చగలిగితే ఈ గొడవే లేదు కదా.

వదిలేస్తే

ఇది బద్ధకస్తుల దారి అంటారు. నేను అంత గట్టిగా అనను. ఒక్కోసారి తప్పు యాంటీవైరస్‌దే అయి ఉంటుంది. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ ఇచ్చిన ఒక అప్‌డేట్, విండోస్ ఎక్స్‌పీ నడవడానికి కావలసిన ఫైల్‌నే వైరస్ అనుకుని మూల పడేసింది. ప్రపంచమంతటా ఆఫీసుల్లో కంప్యూటర్లు ఆగి మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అయ్యాయి. 2022 సెప్టెంబర్ 4న డిఫెండర్ కూడా క్రోమ్ తెరిచిన ప్రతిసారీ ముప్పు ముప్పు అని కేకలు పెట్టింది. మైక్రోసాఫ్ట్ సరిచేసిన అప్‌డేట్ ఇచ్చాక సర్దుకుంది. ఆ రోజు కంగారుపడి విండోస్ మొత్తం మళ్లీ ఎక్కించినవాళ్లకంటే టీ తాగి కూర్చున్నవాళ్లే బాగుపడ్డారు.

మనకు బాగా తెలిసిన ఫైల్‌ని హఠాత్తుగా వైరస్ అంటే వెంటనే డిలీట్ చేయక్కర్లేదు. క్వారంటైన్‌లో, అంటే నడవకుండా విడిగా బంధించి ఉంచి, అప్‌డేట్ చేసి, మర్నాడు మళ్లీ చూడవచ్చు. తొందరైతే వైరస్‌టోటల్ అనే ఉచిత సైట్‌కి ఆ ఫైల్ పంపితే డజన్లకొద్దీ యాంటీవైరస్‌లు దాన్ని ఏమంటున్నాయో చూపిస్తుంది. అరవై పైన బాగానే ఉందని, ఒకటో రెండో కాదంటే అది పొరపాటు కావడానికే అవకాశం ఎక్కువ. బ్యాంకు కాగితాలు, ఆధార్ లాంటివి మాత్రం అక్కడికి ఎక్కించొద్దు.

అప్‌డేట్ కావడం లేదన్న హెచ్చరికని నెలల తరబడి వదిలేయడం వేరే సంగతి. అది పనికిరాదు.

ఎవరినైనా పిలిస్తే

ఎవరిని పిలుస్తున్నాం అన్నదాన్ని బట్టి ఉంటుంది. స్క్రీన్ మీద కనబడిన నంబర్‌కి ఫోన్ చేయడం నాలుగు దారుల్లోనూ అధ్వానం. తన హెచ్చరికల్లో ఫోన్ నంబర్ ఎప్పుడూ ఉండదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెబుతోంది. నంబర్ ఉందంటే అది దొంగదే, ఇంక ఆలోచించక్కర్లేదు. అవతలివాడు మన కంప్యూటర్‌ని దూరం నుంచి నడిపించే ఎనీడెస్క్ లాంటి ప్రోగ్రామ్ వేయించి, విండోస్ తన చిన్నా పెద్దా పొరపాట్లన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, అందులో ఉన్న ఎర్ర గుర్తులన్నీ వైరస్‌లే అంటాడు. ఆరోగ్యంగా ఉన్న ఏ విండోస్‌లోనైనా అవి వందల్లో ఉంటాయి. ఎనీడెస్క్ ద్వారా ఖాతాలు ఖాళీ చేస్తున్నారని రిజర్వ్ బ్యాంక్ 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. మైక్రోసాఫ్ట్, అమెజాన్ కస్టమర్ కేర్ పేరుతో విదేశీయుల్ని ముంచుతున్న కాల్ సెంటర్లు మన దేశంలోనే ఉన్నాయి. 2023 అక్టోబర్‌లో సీబీఐ ఆపరేషన్ చక్ర 2 పేరుతో 76 చోట్ల సోదాలు చేసిన కేసుల్లో ఇవీ ఉన్నాయి. మీ అమ్మానాన్నలు డాలస్‌లో మీ దగ్గర ఉంటున్నా ఆ ఫోన్ ఎత్తేది బహుశా మనవాడే. డబ్బు పోతే ఇక్కడైతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

ఇక ఊళ్లో షాపు కుర్రాడు. మంచివాళ్లు చాలామందే ఉన్నారు. కానీ మా అత్తయ్య వాళ్ల డెస్క్‌టాప్ కథ చెప్పకుండా ఉండలేను. యాంటీవైరస్ అప్‌డేట్ కావడం లేదని షాపుకి తీసుకెళ్తే, వైరస్ పట్టిందని చెప్పి ఫార్మాట్ కొట్టి, కొత్త యాంటీవైరస్ అంటగట్టి, పన్నెండు వందలు తీసుకున్నారు. మనవడి బారసాల ఫొటోలు పోయాయి. వారం తిరగకుండా అదే హెచ్చరిక. సంక్రాంతికి వెళ్లినప్పుడు నేను చూసింది ఒక్కటే, స్క్రీన్ మూలనున్న తేదీ. 2015 అని ఉంది. మదర్‌బోర్డ్ మీద రూపాయి బిళ్లంత సెల్ ఉంటుంది, సీఆర్2032 అంటారు. అది అయిపోతే కరెంటు పోయినప్పుడల్లా తేదీ వెనక్కి పోతుంది. తేదీ కలవకపోతే అప్‌డేట్ పంపే సర్వర్ తన గుర్తింపుగా చూపించే సర్టిఫికెట్‌ని కంప్యూటర్ నమ్మదు, అప్‌డేట్ దిగదు. సెల్ ఖరీదు యాభై రూపాయల లోపే. అత్తయ్య ఇప్పటికీ ఆ షాపు ముందు నుంచి వెళ్లేటప్పుడు మొహం తిప్పుకుంటుంది.

అందుకే ఎవరినైనా పిలిచేముందు తేదీ, సమయం సరిగ్గా ఉన్నాయో లేదో చూడండి. రెండు సెకన్ల పని.

మూసేసి మన దారిన వెళ్లి చూసుకుంటే

నా ఓటు దీనికే. అరిచింది ఎవరో పోల్చలేకపోయినా ఇది పనిచేస్తుంది, అదీ దీని గొప్ప. హెచ్చరికలో ఉన్న ఏ బటన్ జోలికీ పోకూడదు. పేజీ లోపల కనిపించే ఇంటూ గుర్తు కూడా బొమ్మే కావచ్చు. బ్రౌజర్ ట్యాబ్ మూసేయాలి. స్క్రీన్ మొత్తం పట్టేసి కదలకపోతే ఎస్కేప్ కీ కాసేపు నొక్కి పట్టుకోవాలి. అప్పటికీ వదలకపోతే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది, అందులో బ్రౌజర్‌ని ఆపేయవచ్చు. మళ్లీ తెరిచాక "పాత పేజీలు తెరవనా" అంటే వద్దనాలి. చాలామంది ఇక్కడే దొరికిపోతారు.

ఆ తర్వాత స్టార్ట్‌లో విండోస్ సెక్యూరిటీ అని వెతికి తెరవాలి. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లోకి వెళ్తే, కింద ప్రొటెక్షన్ అప్‌డేట్స్ దగ్గర చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో తేదీతో సహా ఉంటుంది. డిఫెండర్ అప్‌డేట్లు రోజుకి చాలాసార్లు వస్తాయి. కాబట్టి ఇవాళో నిన్నో అని ఉంటే ఆ ఎర్రబొమ్మ అబద్ధం. పాతబడి ఉంటే అక్కడే చెక్ ఫర్ అప్‌డేట్స్ నొక్కాలి. బటన్ నొక్కాలన్న సరదా అక్కడ తీర్చుకోవచ్చు. వేరే యాంటీవైరస్ కాపలా కాస్తుంటే దాని పేరూ అక్కడే కనిపిస్తుంది, దాన్ని తెరిచి అందులో చూసుకోవాలి.

దీని లోపం ఒక్కటే. వయసైనవాళ్లకి ఇన్ని మెట్లు గుర్తుండవు. బాబాయ్‌కి కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించాను.

అసలు అరిచే గొంతులే తగ్గించుకుంటే?

కొన్న యాంటీవైరస్ మేలా, ఊరికే వచ్చే డిఫెండర్ మేలా అన్నది వేరే చర్చ అనుకుంటారు గానీ, ఈ హెచ్చరికల గొడవకీ దానికీ దగ్గర సంబంధం ఉంది. విండోస్ 8 నుంచి డిఫెండర్ పూర్తిస్థాయి యాంటీవైరస్‌గా విండోస్‌తోనే వస్తోంది. యాంటీవైరస్‌లని పరీక్షించి మార్కులు వేసే జర్మనీ సంస్థ ఏవీ-టెస్ట్ పరీక్షల్లో కొన్నేళ్లుగా ముందు వరుసలోనే ఉంటోంది. ఆ పరీక్షల్లో మంచి ఫైల్‌ని వైరస్ అన్నా మార్కులు పోతాయి. అన్నిటికంటే నాకు నచ్చింది, దీనికి గడువు లేదు. గడువు లేనిదాన్ని వాడే ఇంట్లో "గడువు తీరింది" అనే మాట ఎప్పుడు వినబడినా అది దొంగదే అని కళ్లు మూసుకుని చెప్పొచ్చు. కొన్న యాంటీవైరస్ ఉన్న ఇంట్లో ఆ సౌకర్యం లేదు, ప్రతిసారీ నిజమో అబద్ధమో తేల్చుకోవాలి.

కొనేవాళ్లు తెలివితక్కువవాళ్లని కాదు. పిల్లలు చూసే సైట్లకి కట్టడి కావాలన్నా, రోజూ పదిమంది పెన్‌డ్రైవ్‌లు గుచ్చే దుకాణం నడుపుతున్నా, కష్టమొస్తే ఫోన్ ఎత్తే కంపెనీ మనిషి కావాలనుకున్నా ఆ డబ్బుకి అర్థముంది. అయితే కొన్నది ఒక్కటే ఉండాలి. ఒక ఒరలో రెండు కత్తులు ఇమడవు. గడువు తీరినదాన్ని ఉంచుకోవడం ఇంకా చెడ్డ, కాపలా సరిగ్గా కాయదు, అరుపు మానదు. తీసేస్తే డిఫెండర్ తనంతట తనే మేలుకుంటుంది. మామూలుగా అన్‌ఇన్‌స్టాల్ కాకపోతే మెకాఫీ, నార్టన్, అవాస్ట్ లాంటి కంపెనీలు తొలగించే టూల్‌ని వాళ్ల సైట్లలోనే ఉచితంగా ఇస్తాయి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకి 2024 సెప్టెంబర్ గుర్తుండొచ్చు. రష్యా కంపెనీ యాంటీవైరస్ కాస్పర్‌స్కీని అక్కడి ప్రభుత్వం నిషేధించాక, చాలామంది కంప్యూటర్లలో అది మాయమై అల్ట్రాఏవీ అనే కొత్త పేరు ప్రత్యక్షమైంది. అది వైరస్ కాదు, కంపెనీ చేసిన మార్పిడే. చాలామంది వైరస్ అనే అనుకున్నారు, వాళ్ల తప్పేమీ లేదు.

బాబాయ్ సంగతికొస్తే, ఆ రాత్రి వీడియో కాల్‌లోనే క్రోమ్ సెట్టింగ్స్‌లో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్ తెరిపించాను. అనుమతి ఉన్న సైట్లు పదకొండు. ఒక్కొక్కటీ తీయిస్తుంటే ఏడోదాని దగ్గర ఆయన చెయ్యి ఆగింది.

"ఇదొక్కటీ ఉండనీరా, పొద్దున్నే రాశిఫలాలు పంపిస్తాడు."

పేరు చూస్తే నిజంగా రాశిఫలాల సైటే. ఉంచేశాం.