చేత్తో తిప్పే జాక్ ప్లేట్: కొనేముందు బ్రాకెట్ చిల్లులు చూసుకోండి

బోటు వెనక గోడ అయిన ట్రాన్సమ్‌కూ దానికి బయట తగిలించే అవుట్‌బోర్డ్ మోటారుకూ మధ్య బిగించే ఈ అల్యూమినియం ప్లేటు మోటారును 6 అంగుళాలు వెనక్కి జరుపుతుంది, నిలువు బోల్టు తిప్పితే పైకీ కిందికీ కదుపుతుంది. 115 హార్స్‌పవర్ మోటారుతో నీటి మీద తేలి పరుగెత్తే 17, 18 అడుగుల ఫైబర్ బోటుకు పనికొచ్చే సరుకే. 9.9 మోటారుతో అలలు దాటి ఒడ్డుకెక్కే వేట బోటుకు మాత్రం దండగ. దానికి కావలసింది మోటారును చటుక్కున లేపే వీలు. అమరం మీద బరువు ఇంకా వెనక్కి జరగడం కాదు.

అసలు ప్లేటు అవసరమో కాదో ఒక సూటి బద్దతో తేలిపోతుంది. బోటు అడుగుకు, నడిమి వెన్ను (కీల్) రేఖ వెంబడి, బద్దను ఆనించి మోటారు దాకా సాగదీయండి. ప్రొపెల్లర్ పైనుండే క్యావిటేషన్ ప్లేట్ అడుగుకు సమాంతరంగా వచ్చేలా మోటారు వాలు సరిచేసి (ట్రిమ్ చేసి) ఎడం కొలవండి. (పేరు అలా స్థిరపడిపోయింది గానీ అది ఆపేది క్యావిటేషన్‌ను, అంటే రెక్కల దగ్గర నీరు ఆవిరి బుడగలు కట్టడాన్ని కాదు, పై నుంచి ప్రొపెల్లర్‌లోకి దిగే గాలిని.) ఆ రేకు అడుగుతో సమంగానో, అంగుళం పైనో ఉంటే మొదలుపెట్టడానికి చాలు. 2 అంగుళాలు కిందుంటే నీటి ఒరిపిడి పెరుగుతుంది, స్టీరింగ్ బరువెక్కుతుంది, వెనక నీళ్లు ఎగజిమ్ముతాయి. మోటారు బ్రాకెట్ పై వరస చిల్లులు సాధారణంగా ముప్పావు అంగుళం ఎడంతో ఉంటాయి. ఒక చిల్లు మార్చితే పైసా ఖర్చు లేకుండా పని అయిపోవచ్చు. 20 అంగుళాల ట్రాన్సమ్‌కు 15 అంగుళాల షాఫ్టు మోటారు తెచ్చుకుంటే మాత్రం ఏ ప్లేటూ కాపాడదు.

అడుగు దాటిన నీరు కొంచెం పైకి లేస్తుంది. అందుకే మోటారు వెనక్కి జరిగితే ఎత్తుకోవచ్చు. 8 నుంచి 12 అంగుళాలు వెనక్కి జరిపితే ఒక అంగుళం ఎత్తడం వాడుకలో ఉన్న లెక్క. అంటే 6 అంగుళాల ప్లేటుకు అర నుంచి ముప్పావు అంగుళం. అంతకు మించి ఎత్తాలంటే మోటారును చల్లబరిచే నీటి ఒత్తిడి చూపే గేజ్ ఉండి తీరాలి. అది లేకుండా ఈ ప్లేటు కొనవద్దు.

బిగింపులో అసలు శత్రువు ట్రాన్సమ్ లోపలి ప్లైవుడ్. సుత్తితో తట్టితే బోలుగా, మెత్తగా పలికిందంటే ముందు దాన్ని బాగు చేయించాలి. 316 స్టెయిన్‌లెస్ అర అంగుళం బోల్టులు, లోపల పెద్ద వాషర్లు, నైలాక్ నట్లు (నైలాన్ వలయం ఉండి వదులు కానివి) వాడండి. చిల్లులో 3ఎం 4200 సీలెంట్ నింపండి. 5200 వాడితే తర్వాత ప్లేటు ఊడదు. మరలకు యాంటీ సీజ్ పూత రాయకపోతే స్టెయిన్‌లెస్ నట్టు మధ్యలోనే పట్టేస్తుంది. స్టీరింగ్ కేబుల్, గేర్ కేబుల్, ఇంధన గొట్టం 6 అంగుళాలు అదనంగా సాగాలి కనుక మోటారును రెండు వైపులా పూర్తిగా తిప్పి, పైకి లేపి కూడా చూడండి.

సరిచేయడం నీటి మీదే. రోజూ ఉండే బరువు, సగం ట్యాంకు ఇంధనం పెట్టుకుని, ఎదురెదురు దిశల్లో జీపీఎస్ వేగం, ఆర్‌పీఎం, నీటి ఒత్తిడి రాసుకోండి. పావు అంగుళం చొప్పున ఎత్తండి. మలుపులో మోటారు ఒక్కసారిగా గీపెట్టి వేగం పడిపోయినా, పూర్తి వేగంలో ఒత్తిడి 10 పీఎస్ఐ లోపుకు జారినా అర అంగుళం దించండి. ఆర్‌పీఎం కూడా మోటారు పుస్తకంలోని హద్దులో ఉండాలి. మెర్క్యురీ 115 ఫోర్‌స్ట్రోక్‌కు అది 5000 నుంచి 6000. మూడు రెక్కల అల్యూమినియం ప్రొపెల్లర్ ముందుగా పట్టు వదిలేస్తుంది. నాలుగు రెక్కలది ఇంకొంచెం ఎత్తుకూ ఓర్చుకుంటుంది.

ప్లేటులో విసుగు పుట్టించేది ఒకటే. ప్రతి మార్పుకూ పక్క బోల్టులు వదులు చేసి, స్పానర్‌తో తిప్పి, మళ్లీ బిగించాలి. నడుస్తూ మార్చుకోవాలంటే హైడ్రాలిక్ రకం కొనాల్సిందే. పక్క బోల్టులు వదులుగా ఉండగా ఒక్క రోజు నడిపినా జారుడు పట్టాలు గీతలు పడి ఊగడం మొదలవుతుంది. ఉప్పునీటిలో వాడేవాళ్లు ప్రతిసారీ మంచినీటితో కడిగి, ఆ నిలువు బోల్టుకు గ్రీజు పెట్టుకోవాలి.